మొదటిసారి వచ్చినవాళ్ళు మళ్ళీ ఎందుకు రావడం లేదు?

ప్రశ్న: మా టెక్ కమ్యూనిటీ ఏటా ఒక కాన్ఫరెన్స్ జరుపుతుంది. టాక్స్ బాగుంటాయి, ఏర్పాట్లకు వంక పెట్టడానికి లేదు. అయినా మొదటిసారి వచ్చినవాళ్ళలో చాలామంది మరుసటి ఏడాది కనిపించరు. ఫీడ్‌బ్యాక్ ఫారంలో "టాక్స్ బాగున్నాయి గానీ ఎవరితోనూ పరిచయం కాలేదు" అని రాస్తున్నారు. మేమెవరినీ దూరం పెట్టలేదు. లోపం ఎక్కడుంది? ఏం చేస్తే కొత్తవాళ్ళు ఇది తమ చోటు అనుకుంటారు?

సమాధానం:

మీరు ఎవరినీ దూరం పెట్టలేదన్న మాట నిజమే అయ్యుంటుంది. చాలా ఏళ్ళుగా ఇలాంటి కాన్ఫరెన్సుల నిర్వహణలో ఉన్నాను. దాదాపు అన్నిచోట్లా పాతవాళ్ళు మంచివాళ్ళే. ఎవరైనా వచ్చి పలకరిస్తే సంతోషంగా మాట్లాడతారు. సాయం అడిగితే చేస్తున్న పని పక్కన పెట్టి మరీ చేస్తారు. చిక్కల్లా ఆ "వచ్చి పలకరిస్తే" దగ్గరే ఉంది. మొదటి మాట మాట్లాడే బరువంతా, ఆ హాల్లో ఎవరూ తెలియని మనిషి మీద పడుతోంది. ఆ బరువును పాతవాళ్ళ మీదికి మార్చాలి. కింద రాసేవన్నీ ఏదో ఒక రకంగా దానికోసమే.

ముందు ఆ ఒంటరితనం రోజులో ఏ సమయంలో వస్తుందో చూడండి. టాక్ నడుస్తున్నంతసేపూ ఇబ్బంది లేదు. అందరూ కూర్చుని స్టేజీ వైపే చూస్తుంటారు, ఎవరికి ఎంతమంది తెలుసో బయటపడదు. టాక్ అయిపోయి తలుపులు తెరిచాక అసలు కష్టం మొదలవుతుంది. పాతవాళ్ళు ఏడాది తర్వాత కలుసుకున్న ఆనందంలో గుంపులు కడతారు. కొత్త మనిషి ఒక కప్పు చేతిలోకి తీసుకుని, చుట్టూ ఒకసారి చూసి, ఎవరూ తన వైపు చూడకపోయేసరికి ఫోన్ తీస్తారు. అప్పటికే చదివేసిన షెడ్యూల్ మళ్ళీ చదువుతారు. కాసేపు స్పాన్సర్ల స్టాల్స్ దగ్గర తిరుగుతారు, ఎందుకంటే అక్కడ కూర్చున్నవాళ్ళ ఉద్యోగమే పలకరించడం. చివరికి తర్వాతి టాక్‌కు పది నిమిషాలు ముందే వెళ్ళి ఖాళీ హాల్లో కూర్చుంటారు. రోజులో ప్రతి బ్రేకుకూ ఇదే తంతు. సాయంత్రం అందరూ గుంపులుగా భోజనానికి బయల్దేరుతుంటే, ఎవరి వెంట వెళ్ళాలో తెలియక తమ గదికి వెళ్ళిపోతారు. మీ ఫారంలో రాసిన ఆ ఒక్క వాక్యం వెనక ఉన్నది ఈ రోజంతా.

అందుకే కీనోట్‌కు, అంటే ప్రధాన ప్రసంగానికి, ఎవరిని పిలవాలని గంటలు గంటలు చర్చించే నిర్వాహకులు అందులో కొంత సమయమైనా బ్రేకులకు పెట్టాలని నేను గట్టిగా చెబుతాను. షెడ్యూల్‌లో "బ్రేక్, 30 నిమిషాలు" అని రాసి ఉన్న గడి ఖాళీ గడి కాదు. ఆ కాన్ఫరెన్స్‌కు మళ్ళీ రావాలా వద్దా అని కొత్తవాళ్ళు తేల్చుకునేది ఆ అరగంటలోనే.

"కొత్తవాళ్ళతో మాట్లాడండి" అని స్టేజీ మీద నుంచి చెబితే సరిపోదా అని అడుగుతారేమో. సరిపోదు. కొలంబియా యూనివర్సిటీకి చెందిన పాల్ ఇంగ్రామ్, మైకేల్ మోరిస్ 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. వ్యాపార రంగంలో పనిచేసే వాళ్ళను ఒక పరిచయ కార్యక్రమానికి పిలిచి, ఎవరు ఎవరితో ఎంతసేపు ఉన్నారో తెలిసేలా ఎలక్ట్రానిక్ బ్యాడ్జీలు పెట్టారు. కొత్తవాళ్ళను కలవడమే తమ ఉద్దేశమని వాళ్ళలో అత్యధికులు ముందే చెప్పారు. తీరా చూస్తే, అంతకుముందే తెలిసినవాళ్ళ దగ్గరికే ఎక్కువగా చేరారు. ఆ పనికోసమే వచ్చినవాళ్ళ సంగతే అలా ఉంటే, ఏడాదికోసారి స్నేహితులను కలిసే మీ పాతవాళ్ళు ఒక్క ప్రకటనతో మారిపోతారని ఆశించలేం. వాళ్ళకు పని అప్పజెప్పాలి.

ఆ అధ్యయనంలోనే ఇంకో సంగతి ఉంది. ఒక గుంపులో తమ జాతికి చెందినవాళ్ళు ఒక్కరైనా ఉంటే జనం అందులో చేరడానికీ, చేరాక ఉండిపోవడానికీ ఎక్కువ మొగ్గు చూపారు. ఒక్కరు చాలు. మిగతా తేడాల్లోనూ ఇది నిజమేనని నా అనుభవం. కాబట్టి పలకరించే వాలంటీర్లను ఎంచుకునేటప్పుడు అందరూ ఒకే వయసువాళ్ళు, ఒకే రకం ఉద్యోగంవాళ్ళు, అందరూ మగవాళ్ళే కాకుండా చూడండి. విద్యార్థి ఒకరు, నలభై దాటాక ఈ రంగంలోకి వచ్చినవాళ్ళు ఒకరు, కోడ్ రాయకుండా డాక్యుమెంటేషన్ లేదా డిజైన్ చేసేవాళ్ళు ఒకరు ఉండాలి.

ఇప్పుడు ఆ పని ఏమిటో చెబుతాను.

నిలబడే తీరుతో మొదలుపెట్టండి. సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్ రాసేవాళ్ళ కమ్యూనిటీ రైట్ ది డాక్స్ వ్యవస్థాపకుల్లో ఒకరైన ఎరిక్ హోల్షర్ 2017లో రాసిన ప్యాక్‌మ్యాన్ నియమం చాలా కాన్ఫరెన్సుల్లో వాడుకలోకి వచ్చింది. నలుగురు గుండ్రంగా నిలబడి మాట్లాడుకుంటున్నప్పుడు, ఆ వీడియో గేమ్‌లోని నోరు తెరిచిన పసుపు బొమ్మలాగా ఎప్పుడూ ఒక మనిషి పట్టేంత ఖాళీ వదలాలి. ఎవరైనా వచ్చి ఆ ఖాళీలో నిలబడితే అందరూ కాస్త సర్దుకుని మళ్ళీ ఇంకో ఖాళీ చేయాలి. అంతే. ఖర్చు లేదు, ట్రైనింగ్ అక్కర్లేదు. అయితే దీన్ని స్లైడ్ మీద వేసి చదివేస్తే ఎవరికీ గుర్తుండదు. ప్రారంభ సభలో నిర్వాహకులే నలుగురు స్టేజీ మీద నిలబడి చేసి చూపించాలి. మొదటి బ్రేకులో వాలంటీర్లు అలాగే నిలబడాలి. ఒక గుంపు అలా నిలబడితే పక్క గుంపూ చూసి నేర్చుకుంటుంది.

ఖాళీ వదలడం సగం పనే. కొత్త మనిషి వచ్చి నిలబడ్డాక ఏం జరుగుతుందన్నది మిగతా సగం. ఎక్కువచోట్ల జరిగేది ఇది: అందరూ తలూపి ఒక చిరునవ్వు నవ్వి, పాత ముచ్చట కొనసాగిస్తారు. రెండేళ్ళ కిందటి రిలీజ్, అప్పుడు అర్ధరాత్రి వచ్చిన బగ్, దాన్ని సరిచేసిన మనిషి ముద్దుపేరు. కొత్తవాళ్ళకు ఒక్క ముక్క అర్థం కాదు. రెండు నిమిషాలు నవ్వు ముఖంతో నిలబడి మెల్లగా జారుకుంటారు. వచ్చేటప్పుడు ఉన్న ధైర్యం కూడా పోతుంది.

దానికి బదులు గుంపులో ఒకరు ఇలా అనాలి: "రండి. టెస్టులు ఈ మధ్య ఎందుకంత ఆలస్యంగా నడుస్తున్నాయో మాట్లాడుకుంటున్నాం, ఈవిడ దాని మీదే పనిచేస్తారు. మీ దగ్గర ఇలాంటి సమస్య ఎప్పుడైనా వచ్చిందా?" ఇందులో మూడు పనులు జరిగాయి. మాట ఎక్కడుందో తెలిసింది, ఎదుటి మనిషి ఎవరో తెలిసింది, తను మాట్లాడటానికి చోటు దొరికింది. ఈ వాక్యాన్ని వాలంటీర్ల చేత ముందురోజు నోటితో పలికించండి. మొదట్లో సిగ్గుపడతారు గానీ, నోటికి వచ్చిన మాటే టైముకు గుర్తొస్తుంది.

మొదటి ప్రశ్నగా "ఏ కంపెనీ?" అని అడగొద్దని వాళ్ళకు తప్పకుండా చెప్పండి. ఉద్యోగం పోయి వెతుక్కుంటున్నవాళ్ళు, చదువుకుంటున్నవాళ్ళు, పిల్లల కోసమో ఆరోగ్యం కోసమో కొన్నేళ్ళు ఆగి మళ్ళీ వస్తున్నవాళ్ళు మీ హాల్లో ఉంటారు. ఆ ప్రశ్న వాళ్ళను మొదటి క్షణంలోనే సంజాయిషీ చెప్పుకునే స్థితిలో పడేస్తుంది. "ఈ రోజు విన్నవాటిలో ఏది నచ్చింది?", "ఈ టూల్ వైపు ఎలా వచ్చారు?" అని అడగండి. వీటికి ఎవరి దగ్గరైనా జవాబు ఉంటుంది.

"అయ్యో, అది తెలియదా?" అన్న ఆశ్చర్యం కూడా అలాంటిదే. న్యూయార్క్‌లోని రికర్స్ సెంటర్ ప్రోగ్రామర్లు కలిసి నేర్చుకునే చోటు. ఎదుటివాళ్ళకు ఏదైనా తెలియకపోతే ఆశ్చర్యం నటించకూడదని, అసలు విషయంతో పనిలేని చిన్న తప్పును పట్టుకుని మాట మధ్యలో సరిదిద్దకూడదని అక్కడ రాసి పెట్టుకున్న నియమాలున్నాయి. వీటిని తప్పినవాళ్ళను శిక్షించరు. పక్కవాళ్ళు గుర్తుచేస్తారు, వాళ్ళు సరేనని ముందుకు సాగుతారు. ఆ తేలికదనం నాకు బాగా నచ్చుతుంది. కాన్ఫరెన్స్ వాలంటీర్లకు ఇంతకంటే మంచి పాఠం లేదు.

పరిచయం చేయడం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది అదే. కొత్తవాళ్ళను పలకరించి రెండు నిమిషాలు మాట్లాడి "ఎంజాయ్ చేయండి" అని వెళ్ళిపోతే వాళ్ళు మళ్ళీ మొదటికి వచ్చినట్టే. వాలంటీర్ వెళ్ళేముందు వాళ్ళను ఇంకొకరి చేతిలో పెట్టాలి. పేరు చెప్పి వదిలేయకుండా, ఇద్దరూ మాట పెంచుకోవడానికి ఒక ఆధారం ఇవ్వాలి. ఒకసారి ఒక వాలంటీర్ చేసింది చెబుతాను. ఒక అబ్బాయి ప్రింటర్ డ్రైవర్‌తో వారం రోజులు కుస్తీపట్టి, చివరికి ఫోరమ్‌లో ఎవరో పెట్టిన జవాబుతో బయటపడ్డానని చెప్పాడు. ఆవిడ అతన్ని నేరుగా హాలు అవతలి మూలకు తీసుకెళ్ళి, ఒక పెద్దాయనతో "మీరు ప్రింటింగ్ మీద రాసే జవాబులు ఎవరైనా చదువుతారా అని అడుగుతుంటారు కదా, ఇదిగో చదివిన మనిషి" అంది. తర్వాత వాళ్ళిద్దరూ తర్వాతి టాక్ సంగతే మర్చిపోయారు. ఆవిడ చేసింది ఒక్కటే: అతను చెప్పింది శ్రద్ధగా వినడం, అది ఎవరికి పనికొస్తుందో ఆలోచించడం. కమ్యూనిటీలో ఎవరు ఏం చేస్తారో తెలిసినవాళ్ళే ఇది చేయగలరు. అందుకే మీ పాతవాళ్ళలో బాగా అనుభవం ఉన్నవాళ్ళను వీడియో టీంకో, స్పీకర్ల మర్యాదలకో మాత్రమే పంపకుండా ఇద్దరు ముగ్గురినైనా ఈ పనికి పెట్టండి.

మాట్లాడాక కొత్తవాళ్ళ మనసులో ఏం నడుస్తుందో కూడా తెలుసుకోవాలి. ఎరికా బూత్‌బీ, మరికొందరు మనస్తత్వ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనాల్లో, కొత్త మనుషులు మాట్లాడుకున్నాక ఎదుటివాళ్ళకు తాము నిజంగా నచ్చినదానికంటే తక్కువ నచ్చామని అనుకుంటారని తేలింది. హాస్టల్లో కలిసి ఉండే విద్యార్థుల్లో ఈ అపోహ నెలల తరబడి ఉంది. అంటే మీ వాలంటీర్ ఎంత బాగా మాట్లాడినా, ఆ రాత్రి కొత్త మనిషి "పాపం, ఆయన్ని విసిగించానేమో" అనుకునే అవకాశం ఎక్కువ. దీనికి నాకు తెలిసిన మందు ఒక్కటే, రెండోసారి పలకరించడం. మర్నాడు పొద్దున పేరు పెట్టి పిలిచి, నిన్న ఆగిన మాటను అందుకోవాలి. "నిన్న డేటాబేస్ మార్చాలా వద్దా అంటున్నారు, ఆ టాక్ విన్నాక ఏమనిపించింది?" అని అడిగితే చాలు, తనను గుర్తుపెట్టుకున్నారని తెలుస్తుంది. వాలంటీర్లకు నేను పెట్టే లెక్క కూడా ఇదే. ఎంతమందిని పలకరించారని అడగను, ఎవరిని రెండోసారి పలకరించారని అడుగుతాను.

మధ్యాహ్న భోజనం అన్నిటికంటే కఠినమైన గంట. చేతిలో పళ్ళెంతో నిలబడి ఎక్కడ కూర్చోవాలో వెతుక్కోవడం పెద్దవాళ్ళకు కూడా టెన్షనే. కొన్ని టేబుళ్ళ మీద విషయం రాసిన కార్డులు పెట్టండి: "మొదటి ఉద్యోగం", "పాత కోడ్‌ను బాగుచేయడం", "ఓపెన్ సోర్స్‌లోకి ఎలా రావాలి". ప్రతి టేబుల్ దగ్గర ఒక పాత మనిషి అందరికంటే ముందే వెళ్ళి కూర్చోవాలి. కార్డు ఉండి మనిషి లేకపోతే ఆ టేబుల్ ఖాళీగా ఉండిపోతుంది. సాయంత్రం భోజనానికి కూడా ఇదే పద్ధతి. రిజిస్ట్రేషన్ డెస్క్ పక్కన ఒక బోర్డు పెట్టి, ఆరుగురో ఎనిమిది మందో పట్టే కాగితాలు అంటించండి. ప్రతి కాగితం మీద తీసుకెళ్ళే పాత మనిషి పేరు, ఎక్కడికి, సుమారు ఎంత ఖర్చు, ఎవరి డబ్బులు వాళ్ళే కట్టాలా అన్నది ముందే రాయాలి. డబ్బు సంగతి రాయకపోతే విద్యార్థులు పేరు రాయరు. మద్యం ఉన్నచోట మాత్రమే సాయంత్రం కార్యక్రమం పెడితే రాలేనివాళ్ళు, రాకూడదనుకునేవాళ్ళు చాలామంది ఉంటారు. మద్యం లేని కార్యక్రమం ఒకటి తప్పకుండా ఉండాలి.

ఇక కాన్ఫరెన్స్‌కు ముందు. కొత్తవాళ్ళ భయాల్లో సగం ఒక మంచి మెయిల్‌తో పోతాయి. ఎన్ని గంటలకు మొదలవుతుందో అందరూ రాస్తారు. ఏ గేటు నుంచి రావాలి, జనం నిజంగా ఎన్నింటికి చేరతారు, ల్యాప్‌టాప్ తేవాలా, బట్టలు ఎలా వేసుకోవాలి, భోజనం టికెట్‌లోనే ఉందా, ఒక టాక్ నచ్చకపోతే మధ్యలో లేచి వెళ్ళొచ్చా, ఒంటరిగా వస్తున్నవాళ్ళు వచ్చీరాగానే ఎవరిని కలవాలి, ఇవి ఎవరూ రాయరు. పాతవాళ్ళకు ఇవి అడగాల్సిన ప్రశ్నలుగా కూడా తోచవు. ఆ మెయిల్ కింద ఒక మనిషి పేరు, ఫోన్ నంబర్ ఉండాలి. కమిటీ పేరుతో వచ్చిన మెయిల్‌కు సందేహం అడిగే ధైర్యం కొత్తవాళ్ళు చేయరు.

ప్రతి కమ్యూనిటీకి బయటవాళ్ళకు వింతగా అనిపించే అలవాట్లుంటాయి, వాటిని విప్పి చెప్పడం మీ బాధ్యత. ఇంటర్నెట్ ప్రమాణాలు తయారుచేసే ఐఈటీఎఫ్ 1986 నుంచి సమావేశాలు జరుపుతోంది. అక్కడ ఓట్లు లెక్కపెట్టరు. గదిలో ఉన్నవాళ్ళ అభిప్రాయం ఎటు మొగ్గుతోందో తెలుసుకోవడానికి హమ్మింగ్ చేయమనే ఆనవాయితీ ఉంది. ఈ ప్రతిపాదనకు అనుకూలమైనవాళ్ళు ఇప్పుడు, వ్యతిరేకమైనవాళ్ళు ఇప్పుడు అంటే, గదంతా పెదవులు మూసి "మ్‌మ్‌మ్" అంటుంది. దీని గురించి 2014లో ఒక ఆర్‌ఎఫ్‌సీయే (ఐఈటీఎఫ్ ప్రచురించే పత్రం) వచ్చింది. ఏమీ తెలియకుండా మొదటిసారి ఆ గదిలో కూర్చున్న మనిషిని ఊహించుకోండి. అందుకే అక్కడ కొత్తవాళ్ళకు ముందుగా పరిచయ సమావేశాలు పెడతారు, కావాలన్నవాళ్ళకు అనుభవజ్ఞులను గైడ్‌లుగా జత చేస్తారు. మీ దగ్గర హమ్మింగ్ ఉండకపోవచ్చు. పొట్టి పేర్లు, పాత గొడవల ప్రస్తావనలు, అందరూ ఒకేసారి చప్పట్లు కొట్టే జోకులు ఉంటాయి. మొదటి రోజు పొద్దున, కీనోట్ కంటే ముందు, కొత్తవాళ్ళ కోసం అరగంట సమావేశం పెట్టి వీటిని చెప్పండి. దానివల్ల ఇంకో లాభం, వాళ్ళకు తమలాంటి కొత్తవాళ్ళు కొందరు తెలుస్తారు. బ్రేకులో వాళ్ళే ఒకరికొకరు తోడు.

గైడ్ పద్ధతి మంచిదే, కానీ గైడ్‌కు చేయాల్సినవి స్పష్టంగా చెప్పకపోతే తేలిపోతుంది. రూబీ ప్రోగ్రామింగ్ భాష కోసం పనిచేసే రూబీ సెంట్రల్ సంస్థ తన కాన్ఫరెన్సుల్లో స్కాలర్‌షిప్ మీద వచ్చినవాళ్ళకు ఒక్కొక్కరికి ఒక గైడ్‌ను ఇచ్చే పద్ధతి నడిపింది. అలాంటిది మీరు పెడితే గైడ్‌ను రోజంతా వెంట ఉండమనకండి, ఇద్దరికీ ఇబ్బంది. కాన్ఫరెన్స్‌కు ముందు ఒకసారి ఫోన్‌లో మాట్లాడటం, మొదటి రోజు భోజనం కలిసి చేయడం, ముగ్గురికి పరిచయం చేయడం, ఇవి చేస్తే చాలు. అదే రోజు టాక్ ఇవ్వాల్సినవాళ్ళను మాత్రం గైడ్‌గా పెట్టొద్దు. వాళ్ళ మనసంతా స్లైడ్ల మీదే ఉంటుంది.

బ్యాడ్జ్ మీద "మొదటిసారి" అన్న గుర్తు పెట్టాలా అని చాలామంది అడుగుతుంటారు. కావాలన్నవాళ్ళకు ఇవ్వండి, అందరికీ అంటించకండి. పదిహేనేళ్ళ అనుభవం ఉండి మీ కాన్ఫరెన్స్‌కు మాత్రమే కొత్తవాళ్ళయిన వాళ్ళు ఉంటారు. అన్నీ మొదటి నుంచి వివరించి చెప్పే ధోరణి వాళ్ళను నొప్పిస్తుంది. నా ఉద్దేశంలో గుర్తు పెట్టాల్సింది సాయం చేసేవాళ్ళకు. వెబ్‌సైట్లు తయారుచేసే డ్రూపల్ సాఫ్ట్‌వేర్ వాళ్ళ కాన్ఫరెన్స్ డ్రూపల్‌కాన్‌లో మెంటర్లు, అంటే పక్కనుండి నేర్పేవాళ్ళు, విడిగా కనిపించే టీషర్టులు వేసుకుంటారు. ఎవరిని అడగాలో దూరం నుంచే తెలుస్తుంది. బ్యాడ్జ్ మీద పేరు మాత్రం ఎవరు ఎలా రాయమంటే అలా, నాలుగడుగుల దూరం నుంచి చదవగలిగేంత పెద్దగా ఉండాలి. ఆటిజం ఉన్నవాళ్ళ సమావేశాల్లో పుట్టిన రంగు కార్డుల పద్ధతి కూడా వాడదగ్గది. ఆకుపచ్చ అంటే వచ్చి మాట్లాడండి, పసుపు అంటే తెలిసినవాళ్ళు మాత్రమే, ఎరుపు అంటే ఇప్పుడు వద్దు. మాట్లాడాలని ఉండీ మొదలుపెట్టలేనివాళ్ళకు ఆకుపచ్చ కార్డు చాలా మేలు చేస్తుంది.

ప్రవర్తనా నియమావళి ఉందనుకుంటున్నాను. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషను చూసుకునే పైథాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 2012లోనే, నియమావళి లేని కాన్ఫరెన్సులకు డబ్బు ఇవ్వబోమని నిర్ణయించుకుంది. కొత్తవాళ్ళకు ఇది ఎందుకు ముఖ్యమంటే, పాతవాళ్ళకు ఏదైనా జరిగితే చెప్పుకోవడానికి పదిమంది స్నేహితులుంటారు, వీళ్ళకు ఎవరూ ఉండరు. ఫిర్యాదు తీసుకునేవాళ్ళు ఎవరో ప్రారంభ సభలో లేచి నిలబడి ముఖం చూపించాలి. పేరున్న స్పీకర్ మీద ఫిర్యాదు వస్తే ఏం చేస్తారో ముందే తేల్చుకుని ఉండాలి. అది తేల్చుకోకుండా పెట్టిన నియమావళిని నేను నమ్మను.

మైక్ గురించి ఒక మాట. "నా గొంతు పెద్దదే, మైక్ అక్కర్లేదు" అనేవాళ్ళు ప్రతిచోటా ఉంటారు. వెనక వరసలో వినికిడి తక్కువున్న మనిషి చేయెత్తి "నాకు వినపడటం లేదు" అని అందరి ముందూ చెప్పుకోవాల్సిన పరిస్థితి అప్పుడు వస్తుంది. మైక్ వాడటం తప్పనిసరి చేయండి. డబ్బు ఉంటే లైవ్ క్యాప్షన్లు పెట్టండి. టాక్ నడిచే భాష తమది కానివాళ్ళకు కూడా అవి ఆసరా.

ప్రశ్నల సమయంలో ఎప్పుడూ అదే నలుగురు లేస్తుంటే ఇలా చేసి చూడండి. టాక్ అయ్యాక ప్రశ్నలకు ముందు రెండు నిమిషాలు పక్కవాళ్ళతో మాట్లాడుకోమనండి. ప్రశ్న బాగుందో లేదో పక్క మనిషి మీద పరీక్షించుకున్నాక కొత్తవాళ్ళు చేయెత్తుతారు. పైగా ఆ పక్క మనిషితో పరిచయం కూడా అయిపోతుంది.

ఇంతవరకు చెప్పినవి మనిషిని ఒంటరిగా ఉండనివ్వకుండా చేసేవి. తనది అనిపించాలంటే చేతికి పని ఇవ్వాలి. పని ఉన్న మనిషికి మాట్లాడటానికి వేరే కారణం వెతుక్కోవాల్సిన అవసరం లేదు. రిజిస్ట్రేషన్ డెస్క్ దగ్గర పాత వాలంటీర్ పక్కన కొత్తవాళ్ళను ఒక గంట కూర్చోబెట్టండి. ఆ గంటలో హాల్లోకి వచ్చే అందరి పేర్లూ చూస్తారు, అందరూ వాళ్ళను చూస్తారు.

మీది ఓపెన్ సోర్స్ కమ్యూనిటీ (కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచి కలిసి రాసేవాళ్ళది) అయితే మీకు ఇంకా మంచి అవకాశం ఉంది. అమెరికాలో జరిగే పైథాన్ కాన్ఫరెన్స్ పైకాన్ యూఎస్‌లో ప్రధాన కాన్ఫరెన్స్ తర్వాత కొన్ని రోజులు స్ప్రింట్లు, అంటే కలిసి కూర్చుని కోడ్ రాసే రోజులు, జరుగుతాయి. ప్రాజెక్టుల వాళ్ళు టేబుళ్ళ దగ్గర కూర్చుంటారు, ఎవరైనా వెళ్ళి చేరొచ్చు. డ్రూపల్‌కాన్‌లో మొదటిసారి కోడ్ ఇచ్చేవాళ్ళ కోసం మెంటర్లతో వర్క్‌షాప్ ఉంటుంది. కొత్తవాళ్ళు ఆ రోజు చేసిన మార్పుల్లో ఒకదాన్ని, డ్రూపల్ అసలు కోడ్ అయిన కోర్‌లో కలిపే అధికారం ఉన్నవాళ్ళు అందరి ముందు స్టేజీ మీదే కలిపే ఆనవాయితీ అక్కడ ఉంది. పొద్దున తలుపు దగ్గర తటపటాయించిన మనిషి పేరు సాయంత్రానికి ప్రాజెక్ట్ చరిత్రలో ఉంటుంది. అలాంటి మనిషి మళ్ళీ వస్తారు.

కానీ ఇలాంటి రోజు ఎక్కడ దెబ్బతింటుందో చెప్పాలి. సెటప్ దగ్గర. వైఫై మీద అందరూ ఒకేసారి గిగాబైట్లు డౌన్‌లోడ్ చేయడం, పాత వెర్షన్లు, అర్థం కాని ఎర్రర్లు. మధ్యాహ్నమైనా ఒక్క లైన్ రాయలేకపోతే, తప్పు తమదే అనుకుని వెళ్ళిపోతారు. బ్రౌజర్‌లోనే తెరుచుకునే ఎన్విరాన్‌మెంట్ (కోడ్ రాసి నడిపే ఏర్పాటు) ముందే తయారు చేసి పెట్టండి, లేదా ఇన్‌స్టాలర్లు పెన్‌డ్రైవ్‌లలో సిద్ధంగా ఉంచండి. చేయాల్సిన చిన్న పనులను వారం ముందే ఏరి, ప్రతిదాని కింద ఏ ఫైల్‌లో చూడాలో రాయండి. ఆ మధ్యలో ఎవరూ వాటిని పూర్తి చేసేయకుండా చూసుకోండి. మెంటర్ పక్కన కూర్చోవాలి, కీబోర్డ్ మాత్రం కొత్తవాళ్ళ చేతిలోనే ఉండాలి. "ఇటివ్వండి, నేను చేస్తాను" అని లాక్కుంటే పని రెండు నిమిషాల్లో అయిపోతుంది, నేర్చుకున్నది ఏమీ ఉండదు. 2014లో బెర్లిన్‌లో యూరోపైథాన్ కాన్ఫరెన్స్ సందర్భంగా మొదలైన, మహిళలకు ప్రోగ్రామింగ్ నేర్పే జాంగో గర్ల్స్ వర్క్‌షాపులు ఇంతగా విస్తరించడానికి ఒక కారణం, ఒక్కో కోచ్‌కు ఇద్దరు ముగ్గురిని మాత్రమే అప్పగించడమని నేను అనుకుంటాను. ఇరవై మందికి ఒక మెంటర్ ఉంటే అది మళ్ళీ క్లాసే అవుతుంది.

అయిపోయాక వారంలోపు కొత్తవాళ్ళకు విడిగా రాయండి. తర్వాతి చిన్న సమావేశం ఎప్పుడు, చాట్ గ్రూప్‌లో ఏ చానల్‌లో అడగాలి, కలిసినవాళ్ళ నంబర్ పోగొట్టుకుంటే ఎవరు కలుపుతారు, ఇవి ఉంటే చాలు. ఫారంలో "ఐదుకు ఎన్ని మార్కులు" అని అడగడం మానేయండి. "ఎవరితోనూ మాట్లాడకుండా గడిపిన బ్రేక్ ఏదైనా ఉందా, ఎప్పుడు?", "మళ్ళీ వస్తే ఎవరిని కలవాలనుకుంటున్నారు?" అని అడగండి. మొదటి ప్రశ్నకు వచ్చే జవాబులు ఏ రోజు ఏ పూట మనుషులను పెట్టాలో చెబుతాయి. రెండో ప్రశ్న దగ్గర ఒక్క పేరు కూడా రాయలేకపోతే ఆ మనిషి తిరిగి రారని అనుకోవచ్చు.

మీ టీం చిన్నదై ఇవన్నీ ఒకేసారి చేయలేకపోతే, ఈ ఏడాదికి మొదటి రోజు భోజనం టేబుళ్ళు, కొత్తవాళ్ళ అరగంట సమావేశం, బ్రేకుల్లో తిరిగే ఐదారుగురు వాలంటీర్లు, ఈ మూడూ పెట్టుకోండి. వాలంటీర్ల కోసం మరీ పాతవాళ్ళ దగ్గరే ఆగిపోకండి. కిందటేడాది మొదటిసారి వచ్చి ఈ ఏడాది కూడా వచ్చినవాళ్ళు కొద్దిమందైనా ఉంటారు. ఎక్కడ నిలబడితే భయమేసిందో, ఎవరి మాటతో నిలదొక్కుకున్నారో వాళ్ళకు ఇంకా బాగా గుర్తుంటుంది. రిజిస్ట్రేషన్ లిస్టులు పక్కపక్కన పెట్టి వాళ్ళ పేర్లు తీయండి, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడగండి. గ్రూప్ మెయిల్ పెడితే "నన్ను కాదులే" అనుకుంటారు. ఆ ఫోన్‌లోనే ఇంకొకటి కూడా అడగండి: తమతోపాటు మొదటిసారి వచ్చి మళ్ళీ రానివాళ్ళెవరైనా తెలుసా అని. తెలిసినవాళ్ళ పేరు చెబితే, ఆ తర్వాతి ఫోన్ వాళ్ళకు చేయండి.